అరవై మూడు శాతం అదృష్టం

కంప్యూటర్ చక్కగా పనిచేసే ఇళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది!

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను. ఆన్ చేస్తే ఆన్ అయి, ఆఫ్ చేస్తే ఆఫ్ అయి, అడిగిన పని అడిగినట్టు చేసిపెట్టే కంప్యూటర్ వల్ల మనిషికి ఒరిగిందేమిటి? దాని ముందు కూర్చున్నవాడు మెడ తిప్పడు. పక్కగదిలో ఉన్నవాళ్లు వాడితో మాట్లాడాలంటే మెసేజ్ పెట్టుకోవాలి. అదే ఒక కంప్యూటర్ కుతకుతలాడిపోయి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోనని మొండికేసి, నీలం రంగు స్క్రీన్ ఒకటి చూపించి ఆరిపోయిందనుకోండి! ఆ ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఏమైంది?" అని ఒకరినొకరు అడుగుతారు. ఈ రోజుల్లో, ఈ అమెరికాలో, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకరినొకరు ఏమైందని అడగడమా! అంతకంటే పెద్ద పండగ ఏముంది చెప్పండి?

అందుకే ఇక్కడ ప్రతి తెలుగు కుటుంబానికీ వేడెక్కే కంప్యూటర్ ఒకటి ఉండి తీరాలని నా వాదన. మన సంఘాలవాళ్లు కన్వెన్షన్లు పెట్టి చీరల స్టాల్సూ, ప్లాట్లు అమ్మే స్టాల్సూ నడుపుతున్నారు కదా, వాటి పక్కనే పాడైన కంప్యూటర్ల స్టాల్ ఒకటి పెడితే ఎన్ని సంసారాలు బాగుపడతాయో!

నమ్మకం కుదరడం లేదా? అయితే న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉండే ఫణికుమార్ సంగతి వినండి.

ఫణికుమార్‌ది ప్రొడక్షన్ సపోర్ట్. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం, పడిపోతే లేపి నిలబెట్టడం అతని పని. పెద్ద సర్వర్ ఏదైనా పడిపోతే దాన్ని వాళ్ల భాషలో 'సెవ్ వన్' అంటారు. అంటే ఇల్లు అంటుకుంది, ఉన్నపళంగా రమ్మని అర్థం. అప్పుడు ఊరూరా ఉన్న ఇంజనీర్లందరూ ఒకే ఫోన్ కాల్‌లోకి దూరతారు. దాని పేరు 'బ్రిడ్జ్'. ఫణికుమార్ ఆ బ్రిడ్జ్ మీదే భోజనాలు చేశాడు, బ్రిడ్జ్ మీదే హెయిర్‌కట్ చేయించుకున్నాడు. తన సొంత ఇంటి సత్యనారాయణ వ్రతంలో పంతులుగారు గోత్రం అడిగితే, ఒక చెవిలో ఇంకెవరో స్టేటస్ అడుగుతున్నందువల్ల, "ఇంకా ఇన్వెస్టిగేట్ చేస్తున్నామండీ" అని జవాబు చెప్పాడు. పంతులుగారు కూడా ప్రాక్టికల్ మనిషి కాబట్టి మంత్రం ఆపకుండా ముందుకు సాగిపోయారు.

ఇలాంటి ఉద్యోగం వల్ల మనిషికి ఒక గొప్ప గుణం అబ్బుతుంది. బాగా పనిచేస్తున్న దేనివైపూ అతను తలతిప్పి చూడడు. అది నిర్లక్ష్యం కాదండోయ్, ట్రైనింగ్! అలారం మోగనిదాన్ని చూడటం టైమ్ వేస్ట్ అని ఆ వృత్తిలో ముందుగా నేర్పుతారు. ఆ లెక్క ప్రకారం అతని భార్య లలితా, ఏడో తరగతి చదివే కూతురు అవనీ చక్కగా పనిచేస్తున్నారు. ఎక్కడా ఏ అలారమూ లేదు. కాబట్టి చూడాల్సిన పనీ లేదు.

అవనికి మాత్రం నాన్న మీద ఒక చిన్న ఫిర్యాదు ఉంది. వేసవిలో క్యాంపింగ్‌కని పోకనోస్ కొండల దాకా తీసుకెళ్లాడు. టెంట్‌కి సగం మేకులు కొట్టాక సెవ్ వన్ వచ్చింది. అక్కడ సిగ్నల్ సరిగ్గా లేదని, మేకులు పీకేసి వెనక్కి తీసుకొచ్చేశాడు. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి వచ్చాడు కానీ, బిల్డింగ్ లోపలికి రాలేదు. పార్కింగ్ లాట్‌లో కార్లోనే కూర్చుని, లలిత ఫోన్‌లో చూపిస్తుంటే వీడియోలో చూసి, బొటనవేలు పైకెత్తాడు. పిల్ల అలిగి ఏడిచి గొడవ చేసి ఉంటే అదొక అలారం అయ్యుండేది. అది చేయలేదు. ఆమెదే తప్పు!

ఆ తర్వాత ఆమె ఒకే ఒక్క కోరిక కోరింది. తన కోసం ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ కావాలి. కొనివ్వడం కాదు, ఇద్దరూ కలిసి విడిభాగాలు తెచ్చి ఇంట్లో తయారుచేయాలి.

ఫణికుమార్ ఒప్పుకున్నాడు. ఈసారి మాట తప్పకూడదని గట్టిగా అనుకుని, తన మేనేజర్‌ని ఒక కోరిక అడిగాడు. "ఒక సిస్టమ్ బిల్డ్ చేస్తున్నాను. అది లేచి నిలబడేదాకా శనివారాలు ఆన్‌కాల్ డ్యూటీ నుంచి నన్ను వదిలేయండి" అన్నాడు. సిస్టమ్ బిల్డ్ అన్న మాట వినగానే ఆ మేనేజర్ కంపెనీకి పనికొచ్చే ఏ సర్వరో అనుకున్నట్టున్నాడు, గౌరవంగా తలూపాడు. సిస్టమ్ నిలబడిందని మెసేజ్ వచ్చేదాకా శనివారాలు వేరేవాళ్లు చూసుకుంటారు, మెసేజ్ వచ్చాక మళ్లీ ఫణికుమారే. ఇదీ ఒప్పందం. ఈ ఘనకార్యాన్ని అతను ఆ రోజు భోజనాల దగ్గర గర్వంగా చెప్పాడు. లలిత విన్నది. అవని కూడా విన్నది. మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

మొదటి శనివారం హాల్లో కార్పెట్ మీద అట్టపెట్టెలన్నీ పరిచారు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే కూలర్, తీగలు, మరలు. ఫోన్‌ని వంటింటి సొరుగులో పడేశాడు ఫణికుమార్. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లు పండిపోయినవాడు కాబట్టి ఇన్‌స్ట్రక్షన్స్ చదవడం నామోషీ. వాటిని పక్కకి నెట్టేసి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. లలిత స్క్రూలు పట్టుకుని పక్కన నిలబడింది. అవని నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. తీరా అన్నీ బిగించి స్విచ్ నొక్కితే లోపల లైట్లు వెలిగాయి, ఫ్యాన్ తిరిగింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు!

పెన్ డ్రైవ్ పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టారు. అరవై మూడు శాతం దాకా పెళ్లినడక నడిచింది. అక్కడ ఆగింది. స్క్రీన్ నీలంగా మారింది. ఏదో సమస్య వచ్చిందని ఒక ముక్క చెప్పి, ఆ సమస్య ఏమిటో చెప్పకుండా, టప్పున ఆరిపోయింది.

ఫణికుమార్ పెట్టె పక్కన చెయ్యి పెట్టి చూశాడు. చుర్రుమంది. దోసె పోసుకోవచ్చు.

"మళ్లీ ట్రై చేద్దామా నాన్నా?" అంది అవని ఉత్సాహంగా.

మళ్లీ చేశారు. మళ్లీ అరవై మూడు. ఇంకోసారి చేశారు. అదే అరవై మూడు. ఆ సాయంత్రం కంప్యూటర్‌లోని సెట్టింగ్స్ పేజీ తెరిచి చూస్తే ప్రాసెసర్ టెంపరేచర్ అని ఒక అంకె కనబడింది. తొంభై ఏడు.

"తొంభై ఏడా? నార్మలే కదండీ" అంది లలిత.

"నార్మలే. జ్వరం కూడా కాదు" అన్నాడు ఫణికుమార్.

చూశారా! ఇన్నేళ్లుగా పిల్ల నోట్లో థర్మామీటర్ పెట్టి, తొంభై ఎనిమిది దాటితేనే కంగారుపడటం అలవాటైన తల్లిదండ్రులు. వాళ్లకి ఆ అంకె చూస్తే కడుపు చల్లబడింది. కంప్యూటర్ వేడి కొలిచేది సెల్సియస్‌లో అన్న సంగతి ఆ ఇంజనీరుకి తట్టనే లేదు. ఒంట్లో బాగానే ఉంది కాబట్టి రోగం పెన్ డ్రైవ్‌ది అయ్యుంటుందని తేల్చేశాడు. ఇన్‌స్టాలర్ మళ్లీ డౌన్‌లోడ్ చేయాలి, కొత్త పెన్ డ్రైవ్ కొనాలి. వచ్చే శనివారం చూద్దామన్నాడు.

"ఓకే!" అంది అవని. ఫెయిలైన ఇన్‌స్టలేషన్ ముందు అంత సంతోషంగా ఎవరైనా ఓకే అనడం అతను తన సర్వీసులో వినలేదు.

ఇప్పుడు ఆ వేడి పెట్టె చేసిన మేలు చెప్తాను, వినండి.

రెండో శనివారం పెన్ డ్రైవ్ కోసం బయల్దేరినవాళ్లు, ఎలాగూ రోడ్డెక్కాం కదా అని మనవాళ్ల షాపులుండే ఐసెలిన్ దాకా పోయారు. ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తూ మిరపకాయ బజ్జీలు తిన్నారు. అవనికి కారం ఎక్కి ముక్కు కారుతుంటే ఫణికుమార్ తన చొక్కా చేత్తో తుడిచాడు. చెవికి ఫోన్ లేకుండా ఆ మనిషి ఆ రోడ్డు మీద నడవడం అదే మొదటిసారి! ఒక నగల షాపు ముందు లలిత ఆగితే తనూ ఆగాడు. లోపలికి వెళ్లలేదు, కొనలేదు. కానీ ఆగాడండీ! గొప్ప విషయం కాదూ?

ఇంటికొచ్చి డౌన్‌లోడ్ పెట్టారు. అది సా...గుతూ ఉంటే ముగ్గురూ నేలమీద కూర్చుని అష్టాచెమ్మా ఆడారు. తన ఇంజనీరింగ్ కాలేజీలో నలభైమందికి రెండే కంప్యూటర్లు ఉండేవనీ, ఆ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలనీ ఫణికుమార్ చెప్పాడు.

"గుడిలాగానా?" అంది అవని.

"గుడిలాగానే. ఏసీ కూడా దానికే. మాకు కాదు."

అవని పడీపడీ నవ్వింది. ఇదే కథ అంతకుముందు చెప్పి ఉంటే వినేదో లేదో తెలియదు. అసలు చెప్పడానికి అతను ఉంటే కదా!

డౌన్‌లోడ్ అయింది. పెట్టారు. అరవై మూడు. ఆరిపోయింది.

మూడో శనివారం బయట మంచు పడింది. ఇంట్లో హీటర్ వల్లే అది వేడెక్కుతోందేమోనని ఫణికుమార్‌కి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పెట్టెను ఎత్తుకెళ్లి బాల్కనీలో పెట్టాడు. స్వెట్టర్లూ టోపీలూ తొడుక్కుని ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. లలిత లోపలికెళ్లి ఒక శాలువా తెచ్చి, అలవాటుకొద్దీ దాని మీద కప్పబోయింది. తండ్రీకూతుళ్లు ఒకేసారి అరిచి ఆపారు. ఆ చలిలో అది ఇంకాస్త ముందుకు నడిచింది. డెబ్భై దాటింది. "కమాన్, కమాన్!" అని అవని గెంతింది. డెబ్భై ఒకటి దగ్గర ఆరిపోయింది. చేతులు కొంకర్లు పోతున్నా సరే, ఫణికుమార్‌కి అదేదో మ్యాచ్ గెలిచినట్టే అనిపించింది. లోపలికొచ్చి ముగ్గురూ వేడివేడి మిరియాల చారు గ్లాసుల్లో పోసుకుని తాగారు.

అన్నీ సవ్యంగా ఉన్న ఇంట్లో ఇన్ని జరుగుతాయా? మీరే చెప్పండి!

కానీ ఇంజనీరుకి ఒక పెద్ద బలహీనత ఉంటుంది. పరువు. రోజుకి కొన్ని వందల సర్వర్లు చూసుకునే తను, ఇంట్లో ఒక్క పెట్టెను లేపలేకపోవడమా? నాలుగో వారానికి ఆ బాధ తట్టుకోలేక తెలుగు ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

పార్సిప్పనీ వాట్సాప్ గ్రూపులో ఇల్లు మారుతున్నాం, సాయం కావాలంటే అందరికీ నడుం నొప్పి. కంప్యూటర్ పాడైందంటే మాత్రం చూడాలి! నాలుగో శనివారం మధ్యాహ్నానికల్లా కారు తర్వాత కారు దిగింది. గుంటూరు నుంచి వచ్చి ప్రోగ్రామ్ మేనేజర్‌గా స్థిరపడ్డ భీమశంకర్ గారు ముందు సోఫా ఆక్రమించారు. నెట్‌వర్క్ ఇంజనీర్ జితేందర్, కరీంనగర్ వాడు, టూల్‌కిట్‌తో సహా వచ్చాడు. అతని భార్య రజిని సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆమె చేతులు కట్టుకుని పెట్టె ముందు నిలబడింది.

"ఫెయిల్ అవుతోందంటే నేను నమ్మనండీ. నా ముందు ఒకసారి ఫెయిల్ చేయండి" అంది రజిని.

చేశారు. అయింది.

"ఇంకోసారి. కన్సిస్టెంట్‌గా ఫెయిల్ అవ్వాలి."

అయింది. రజిని తృప్తిగా తలూపి టీ తాగడానికి వెళ్లిపోయింది. ఆమె పని అయిపోయింది.

"ముందు దీనికి ఓనర్ ఎవరో తేల్చుకుందామండీ" అన్నారు భీమశంకర్ గారు, సోఫాలోంచి లేవకుండా. "ఓనర్‌షిప్ లేకపోతే ఏ ప్రాబ్లమూ క్లోజ్ కాదు. హార్డ్‌వేర్ ట్రాక్ ఒకరు, సాఫ్ట్‌వేర్ ట్రాక్ ఒకరు తీసుకోండి. నేను స్టేటస్ తీసుకుంటాను."

ఈ మాటలు చెవిన పడగానే ఫణికుమార్ మొహంలో ఒక వెలుగు వచ్చింది. తన భాష! తన ప్రపంచం! వంటింట్లోకి వెళ్లి సొరుగులోంచి ఫోన్ తీశాడు. డల్లాస్‌లో ఉన్న ఒక హార్డ్‌వేర్ తెలిసిన ఫ్రెండ్‌ని కలపడానికి హాల్లోనే బ్రిడ్జ్ తెరిచాడు. ఆ ఫ్రెండ్ ఇంకో ఇద్దర్ని కలిపాడు. "ఎవరో మ్యూట్‌లో లేరు, ప్లీజ్ మ్యూట్" అన్న మాట ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత మళ్లీ వినబడింది.

నేలమీద కూర్చుని ఉన్న అవని ఏదో చెప్పబోయింది.

"కొంచెం పక్కకి జరుగు తల్లీ, అంకుల్ వాళ్లు చూస్తున్నారు కదా" అన్నాడు ఫణికుమార్, ఆమె వైపు చూడకుండానే.

అవని లేచి వెళ్లి వంటింటి గట్టు దగ్గర స్టూల్ మీద కూర్చుంది. లలిత ఇంకో గిన్నెడు టీ పెడుతూ కూతురి వైపు చూసింది.

అప్పుడే జితేందర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి, టెంపరేచర్ అంకె చూసి నోరెళ్లబెట్టాడు.

"అన్నా! తొంభై ఏడంటే ఏందో ఎర్కేనా?"

"నార్మలే కదా?"

"గిది మనిషి జ్వరం గాదన్నా, సెల్సియస్! ఇంకో మూడు డిగ్రీలైతే నీళ్లు మరుగుతయ్. నువ్వు కంప్యూటర్ చేసినవా, గీజర్ చేసినవా?"

హాల్లో గొల్లున నవ్వారు. బ్రిడ్జ్ మీద డల్లాస్ వాళ్లు కూడా నవ్వారు. ఇక సలహాలే సలహాలు! విండో తెరవండి, టేబుల్ ఫ్యాన్ పెట్టండి, బయాస్ అప్‌డేట్ చేయండి, ర్యామ్ మార్చండి. ఒకాయన కరెంటు ప్లగ్గు మార్చమన్నాడు. భీమశంకర్ గారు అన్నింటికీ "గుడ్ పాయింట్" అన్నారు. ఏ ఒక్కరూ పెట్టెలో చెయ్యి పెట్టలేదు. అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లు కదా, లోపలంతా తీగలు ఉంటాయి!

ఇలా చాలాసేపు గడిచాక స్టూల్ మీంచి ఒక గొంతు వినబడింది. నీరసంగా, ఇక చాల్లే అన్నట్టుగా.

"జితేందర్ అంకుల్, ఆ కూలర్ తీసి కింద చూడండి."

జితేందర్ మరలు విప్పి కూలర్ పైకి లేపాడు. తలకిందులు చేసి చూశాడు. వేలితో గోకాడు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే బూడిదరంగు పేస్టు కింద పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి మెరిసింది. దాని మీద ఎర్రటి అక్షరాలు. బిగించే ముందు ఈ పొర తీసేయవలెను.

"గిదేందన్నా? ప్లాస్టిక్ తియ్యకుంటనే బిగించినవా?"

"కొత్తది కదా" అన్నాడు ఫణికుమార్, అదొక కారణం అయినట్టు. "గీతలు పడతాయని..."

అందరి కళ్లూ మెల్లగా ఆ హాలంతా తిరిగాయి. సోఫాకి ప్లాస్టిక్ తొడుగు. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ సంచి, దానికి రబ్బర్ బ్యాండ్. మైక్రోవేవ్ బటన్ల మీద, కొన్ననాటి నుంచీ బుడగలు లేచిన పొర. ఫ్రిజ్ తలుపు మీది స్టిక్కర్ కూడా అలాగే ఉంది. వీసా సంగతి ఎప్పుడు ఏమవుతుందో, మూవింగ్ సేల్ పెట్టి సామానంతా అమ్మేసి వెళ్లిపోవాల్సి వస్తే కొత్తవాటిలా ఉండాలి కదా అని అట్టపెట్టెలు సైతం క్లోజెట్‌లో దాచారు. ఇందులో నవ్వడానికేముంది? అక్కడున్న ప్రతివాళ్ల ఇంట్లోనూ ఇదే పరిస్థితి. భీమశంకర్ గారి కారు సీట్లకి ఈనాటికీ షోరూమ్ కవర్లే. అందుకే ఆయన గొంతు సవరించుకుని, "హ్యూమన్ ఎర్రర్ అని రాసుకోండి" అన్నారు, హుందాగా.

పొర పీకారు. జితేందర్ టూల్‌కిట్‌లోంచి కొత్త పేస్టు తీసి రాసి, కూలర్ బిగించారు. అంకె నలభై దగ్గర కూర్చుంది. ఇన్‌స్టలేషన్ అరవై మూడు దాటింది, డెబ్భై ఒకటి దాటింది, ఎక్కడా ఆగకుండా వంద కొట్టింది. చప్పట్లు, ఈలలు! బ్రిడ్జ్ మీద డల్లాస్ వాళ్లు ఒకరికొకరు కంగ్రాట్స్ చెప్పుకున్నారు. భీమశంకర్ గారు లేచి నిలబడి, "వెల్ డన్ టీమ్. ఫణీ, రూట్ కాజ్ ఏమిటో ఒక మెయిల్ పెట్టండి" అని, మిగిలిన పకోడీలు డబ్బాలో పెట్టించుకుని వెళ్లారు. కార్లన్నీ వెళ్లిపోయాయి.

చూశారా పాఠకులారా, ఎంత దుర్మార్గం జరిగిపోయిందో! లక్షణంగా పాడై ఉన్న కంప్యూటర్‌ని నలుగురూ కలిసి బాగుచేసి పారేశారు.

ఫణికుమార్ మాత్రం మహదానందంగా ఫోన్ పట్టుకుని, మేనేజర్‌కి మెసేజ్ టైప్ చేయసాగాడు. సిస్టమ్ నిలబడింది, వచ్చే శనివారం నుంచి నేను ఆన్‌కాల్‌కి రెడీ అని. సగం టైప్ చేశాక అతనిలోని ప్రొడక్షన్ సపోర్ట్ బుర్ర ఒకచోట తట్టుకుంది. రూట్ కాజ్, అంటే అసలు కారణం, దొరికింది సరే. అది అక్కడుందని ఆ పిల్లకి ఎలా తెలిసింది?

"అవనీ, కూలర్ కింద చూడమని నీకెవరు చెప్పారు?"

"వీడియోలో చూశాను. అది పీల్ చేయాలి. లేకపోతే హీట్ బయటికి పోదు."

"ఇవాళ చూశావా?"

"లేదు. ఫస్ట్ వీక్."

ఫణికుమార్ ఫోన్ దించాడు. "మొదటి వారమే తెలుసా? మరి చెప్పలేదేమ్మా?"

అవని కొత్త కంప్యూటర్ వైపు చూసింది. అది చల్లగా, నిశ్శబ్దంగా, ఎవరి అవసరమూ లేకుండా వెలుగుతోంది.

"చెప్తే అయిపోతుంది కదా, నాన్నా."

"మరి ఇవాళెందుకు చెప్పావు?"

"ఇవాళ నువ్వు వాళ్లతో ఉన్నావు" అంది అవని. కోపంగా కాదు. ఏ స్టేటస్ కాల్‌లోనూ వినబడనంత సాదాగా అంది.

ఫణికుమార్‌కి సిగ్గేసింది. సాయం కోసం భార్య వైపు తిరిగాడు.

"చూశావా లలితా, ఇన్ని వారాలు దీనికి తెలిసి..."

"నాకూ తెలుసు" అంది లలిత, టీ గ్లాసులు కడుగుతూ.

"నీకా?"

"మీరు బిగిస్తుంటే పక్కన స్క్రూలు పట్టుకుని నిలబడింది నేనే కదండీ. అంతలేసి ఎర్రక్షరాలతో రాసి ఉంటే నాకు మాత్రం కనబడవా?"

"మరి నువ్వైనా చెప్పొచ్చు కదా!"

లలిత నీళ్లు కట్టేసి, చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "మీరు శనివారాలు ఇంట్లో ఉంటున్నారండీ. మధ్యలో నేనెందుకు చెప్తాను?"

ఫణికుమార్ ఫోన్ పైకెత్తి, సగం టైప్ చేసిన మెసేజ్ మొత్తం చెరిపేశాడు. దాని బదులు ఇంకోటి రాసి పంపాడు. సిస్టమ్ ఇంకా స్టేబుల్ కాలేదు, ప్రాబ్లమ్ అనుకున్నదానికంటే పాతది, లోతైనది, ఇంకా చాలా శనివారాలు పట్టేలా ఉంది అని.

అబద్ధం రాశాడంటారా? ఆ మనిషి తన ఉద్యోగంలో అంత నిజమైన స్టేటస్ రిపోర్టు ఇంకోటి పంపలేదని నేనంటాను.

అన్నట్టు, మీ ఇంట్లో కంప్యూటర్ ఎలా ఉంది? బాగానే పనిచేస్తోందా?

అయ్యో పాపం! ఎన్నాళ్ల నుంచి?